బల్ల మీద మిద్దె

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి సంగతి అలా ఉంచి, అప్పుల బాధ లేకుండా ఇల్లు కట్టి చూడదలచిన వారికి ఒక సులభోపాయం ఉన్నది. పిల్లలు ఆడుకునే చిట్టి ఇటుకలు ఒక సంచెడు సంపాదించి భోజనాల బల్ల మీదనే కట్టవచ్చును. ఇది పిల్లల ఆట కదా, పెద్దవారికి ఇందులో ఏమున్నదని పాఠకులు నవ్వుకోవచ్చు. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఇటుకలతో పనేమిటని మా కళాశాలలో మిత్రులూ నవ్వారు. ఈ ఆటలో ఎంత విద్య ఉన్నదో, అది ఎప్పుడు అక్కరకు వస్తుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ సరదా మనకు కొత్త కాదు. దసరాకు బొమ్మల కొలువు పెట్టి, మెట్ల ముందర మట్టి పోసి, రాగులు మొలకెత్తించి పొలాలు చేసి, అద్దం ముక్కతో చెరువూ, అగ్గిపెట్టెలతో వీధులూ అమర్చుకున్న వారు మనలో ఎందరో ఉన్నారు. దీనినే పాశ్చాత్యులు ఒక విద్యగా పెంచారు. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో పసిపిల్లల కోసం ఆటల సంస్థ తెరిచి, కొయ్య దిమ్మెలను వారి చేతికి పాఠ్యపుస్తకాలుగా ఇచ్చాడు. తరువాత లిలియెంతాల్ సోదరులు ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపి రాయి వంటి బుల్లి ఇటుకలు చేశారు. ఆ సోదరులలో ఒకడైన ఒట్టో 1891 నుంచి రెక్కలు కట్టుకుని గాలిలో తేలి చరిత్రకెక్కినవాడే. వారి దగ్గర ఆ ఉపాయాన్ని కొన్న రిక్టర్ అనే వ్యాపారి వాటిని దేశదేశాలకు అమ్మాడు.

నేడు మన పిల్లలు ఎరిగిన ఇటుక డెన్మార్కుది. బిల్లుండ్ అనే ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే లెగో సంస్థ. ఇటుక అడుగున గొట్టాలు పెట్టి పట్టు పెంచే ఉపాయానికి ఆయన కుమారుడు 1958 జనవరి 28న పేటెంటు కోరాడు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ అతుకుతుంది. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే, వాటిని 91,51,03,765 విధాలుగా పేర్చవచ్చునని లెక్క కట్టారు! 2008లో వారు వెలువరించిన తాజమహలు పెట్టెలో 5,900కు పైగా ముక్కలున్నవి. అంత పెట్టెలు కొనడం మనబోటి సంసారులకు తలకు మించిన భారం. కాని కట్టడానికి తాజమహలే కావాలని ఎవరన్నారు?

పుంగనూరు మిద్దె

పుంగనూరులో మా అమ్మ పుట్టిల్లు తొట్టికట్టు మిద్దె. నడుమ ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ పడసాల, రాతి దిమ్మెల మీద కొయ్య కంబాలు, దూలాల మీద దంతెలు, ఆ పైన మట్టి కప్పు. మామయ్యలు పోయిన తరువాత వాటాలు పడినవి. వారి కొడుకులిద్దరూ పాత మిద్దె తీసివేసి వేరువేరుగా కాంక్రీటు ఇళ్ళు కట్టుకోవాలని నిశ్చయించారు. వారిని తప్పు పట్టడానికి లేదు. వాన వస్తే నాలుగు చోట్ల కారే కప్పు కింద, చెంబులూ గిన్నెలూ పరుచుకుంటూ ఆడవాళ్ళు పడే అవస్థ నాకు తెలుసు.

ఫొటోలు తీయించాము. ఫొటోలో గోడ కనిపిస్తుంది గాని, ఏ గదిలో నుంచి ఏ గదిలోకి నడిచేవాళ్ళమో తెలియదు. "మనమే కట్టి పెట్టుకుందాం నాన్నా" అన్నాడు తొమ్మిదవ తరగతి చదివే మా అబ్బాయి. వాడి ఇటుకల సంచి అటక మీద ఉన్నది.

ఒక ఆదివారం మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు వెళ్ళి ఇల్లంతా టేపుతో కొలిచాము. వెడల్పు 36 అడుగులు, పొడవు 48. ఆట ఇటుక మీద ఒక్కొక్క బొడిపె 8 మిల్లీమీటర్ల చోటు తీసుకుంటుంది. బొడిపెకు అడుగు అనుకున్నాము. అంటే ఇంచుమించు 38వ వంతు. రెండడుగుల మందం గోడకు రెండు బొడిపెల వెడల్పు సరిపోయింది. బయటి గోడలకు చుట్టూ వరుసకు 40 ఇటుకలు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు గనుక, ఎనిమిది వరుసలు పేరిస్తే పదడుగులకు కొంచెం తక్కువ. వాకిళ్ళకూ కిటికీలకూ మినహాయించక ముందు బయటి గోడలకే 320 ఇటుకల లెక్క తేలింది.

మొదటి గోడ మావాడు ఇటుక మీద ఇటుక సూటిగా పేర్చుకుంటూ పోయాడు. వేలితో తడితే అది స్తంభాలు స్తంభాలుగా విడిపోయింది. కింది వరుస అతుకు మీద పై వరుస అతుకు పడరాదని తాపీ మేస్త్రులు మొదటి రోజునే నేర్పే పాఠం. మూలల దగ్గర ఒక వరుస ఇటు గోడది, మరొక వరుస అటు గోడది ఒకదానిలో ఒకటి దూరాలి. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఎంతకాలం గుర్తుంటుందో గాని, కూలిన గోడ తిరిగి కట్టినవాడు మరచిపోడు.

బొమ్మ చెప్పేది, చెప్పనిది

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బొమ్మ ఇల్లు నిలిచింది గదా అని అసలు ఇల్లూ నిలుస్తుందనుకోరాదు. 38వ వంతుకు దించితే, అదే సామగ్రితో కట్టినా, బరువు 54,872 రెట్లు తగ్గుతుంది. దూలం అడ్డుకోత 1,444 రెట్లే తగ్గుతుంది. అందువల్ల బొమ్మ దూలం ఎప్పుడూ బలశాలిగానే కనిపిస్తుంది. ఈ ధర్మాన్ని గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు.

రాతి కమానూ, ఇటుక కమానూ మాత్రం ఈ సూత్రానికి చాలావరకు లొంగవు. వాటిలో ఇటుక నలిగిపోయేటంత ఒత్తిడి సామాన్యంగా ఉండదు. నిలవడమూ పడిపోవడమూ రూపాన్ని బట్టి ఉంటుంది. చిన్నదిగా నిలిచిన కమాను, అదే రూపంలో పెద్దదిగా కట్టినా నిలుస్తుంది. మా మిద్దెలో ధాన్యం గది వాకిలి మీద ఇటుక కమాను ఉన్నది. దానిని తెలుసుకోవడానికి పెన్సిలు రబ్బర్లను ఒకవైపు సన్నంగా కోసి, గ్లాసు మీద ఆనించి, రెండు పక్కలా లావు పుస్తకాలు పెట్టి గ్లాసు లాగివేశాము. కమాను నిలిచింది! ఒక పుస్తకం కొంచెం జరపగానే కూలింది. కమాను బరువు కిందికే గాక పక్కలకూ తన్నుతుందని, దాని కోసమే ఆ గది గోడలు అంత లావుగా కట్టారని అప్పుడు వాడికి బోధపడింది.

ఇటలీలో ఫ్లోరెన్సు నగరపు పెద్ద చర్చికి గుమ్మటం ఎలా వేయాలో తెలియక కట్టడం నిలిచిపోయి ఉండగా, 1418లో పోటీ ప్రకటించారు. బ్రూనెల్లెస్కీ అనే శిల్పి కింద కొయ్య చట్రం ఆధారం లేకుండానే ఇటుకతో నమూనా గుమ్మటం కట్టి చూపాడు. 1420లో పని మొదలై, 1436 నాటికి అసలు గుమ్మటం పూర్తయింది. ఆరువందల ఏళ్ళు కావస్తున్నా నిలిచే ఉన్నది. చిన్న ఇటుకల ఆటకు ఇంతకన్న గొప్ప సాక్ష్యం ఏమి కావాలి?

కుప్పంలో పరీక్ష

మా మిద్దె పూర్తయ్యాక, దానిని అట్టపెట్టెలో పెట్టుకుని కుప్పం తీసుకువెళ్ళాము. అమ్మకు అక్క అయిన మా పెద్దమ్మ అక్కడ కూతురి దగ్గర ఉంటున్నది. ఎనభై దాటిన మనిషి, ప్రయాణం చేయలేదు. ఇల్లు తీసివేస్తారన్న మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెట్టె తెరిచి ముందు పెట్టగానే ఆమె చాలాసేపు చూసింది. "ఎప్పుడు పడగొడతా ఉండారు?" అన్నది.

ఎవరికీ నోట మాట రాలేదు. మాఘమాసంలో అని నేనే చెప్పాను. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాము. కళ్ళద్దాలు తుడుచుకుని, తప్పులు వెదకడం మొదలుపెట్టింది!

"తొట్టిలో నీళ్ళు పోయేదానికి తూము యాడ నాయనా?"

"తూమా అవ్వా?"

"వాన పడితే నీళ్ళన్నీ పడసాల్లోకి రావా? తూర్పు గోడ కింద ఉండాల. వంటింటి మీద గవాచి కూడా మరిచినావు. పొగ ఎట్ల పోతుంది? ఇదేమి, గాటిపాటలో సీమావును కట్టినావు! మన పుంగనూరావు ఇంతెత్తుంటుందా?"

అది నిజం. మూడడుగులైనా దాటని ఆవుకు, మా కొలతలో రెండున్నర సెంటీమీటర్లు చాలు. మావాడు పెట్టిన ప్లాస్టిక్కు ఆవు దూలాన్ని తాకుతున్నది. వాడు నోటుపుస్తకం తీసి, పెద్దమ్మ చెప్పిన ప్రతి మాటా రాసుకున్నాడు. తిన్నె, తూము, గవాచి, దంతె, దీపపు గూడు, గాటిపాట... సాయంత్రానికి అరవై మూడు మాటలు. వాటిలో సగానికి పైగా మా కళాశాల విద్యార్థులు వినని మాటలు. తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఊరు గనుక, తిన్నెను తమిళులు తిణ్ణై అంటారనీ, ఇటుకను కన్నడిగులు ఇట్టిగె అంటారనీ పక్కింటివారు వచ్చి చేర్చారు.

వృత్తులవారి మాటలు పోతాయని గ్రహించే, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు మాండలిక వృత్తి పదకోశాలు తలపెట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. ఇంటి నిర్మాణపు పదాలకూ ఒక సంపుటం కేటాయించారు. పుస్తకంలో మాట భద్రంగా ఉంటుంది. అయితే గవాచి పెట్టవలసిన చోటు చేతికి తగిలినప్పుడే ఆ మాట పిల్లవాడి నోటికి వస్తున్నది.

మహాబలిపురం చూసినవారికి ద్రౌపదీ రథం గుర్తుండే ఉంటుంది. ఏడవ శతాబ్దంలో పల్లవ శిల్పులు ఒక పూరిపాక రూపాన్ని ఒకే రాతిలో మలిచారు. ఆనాటి పూరిపాకలలో ఒక్కటీ నేడు లేదు. వాటి కప్పు ఎలా వంగి ఉండేదో ఆ బొమ్మను చూసి తెలుసుకుంటున్నాము.

పుంగనూరు మిద్దె మాఘంలో తీసివేశారు. తూమూ గవాచీ సరిదిద్దిన బొమ్మ మిద్దెను, అడిగి మరీ పెద్దమ్మ తన దగ్గరనే ఉంచుకున్నది. ఇంటికి వచ్చిన పిల్లలకు ఏ గదిలో ఎవరు పుట్టారో వేలు పెట్టి చూపిస్తున్నదట.

మీ ఇళ్ళల్లోనూ తీసివేయవలసిన పాత ఇల్లు ఉంటే, మేస్త్రిని పిలిచే ముందు ఒక ఆదివారం పిల్లలకు టేపు ఇచ్చి పంపండి. ఇటుకలు లేకపోతే అట్టముక్కలైనా చాలును. కట్టిన తరువాత ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దవారి ముందు పెట్టి, తప్పులు చెప్పమనండి.