తూకానికి అందని విలువ

అటక మీద నల్లబడిన వెండి చెంబు... అట్టపెట్టెలో దుమ్ముకొట్టుకుపోయిన గ్రామఫోన్ రికార్డులు... ఈసారి ఇల్లు దులిపేటప్పుడు తూకానికి ఇచ్చేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో ఓ కుర్రాడు విజయనగరం బయలుదేరాడు. చేతిలో డబ్బుల్లేవు. నలభై రూపాయల విలువచేసే ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకే అమ్మేసి ఆ ఊరు చేరాడని చెబుతారు. ఆ కుర్రాడే ఘంటసాల వేంకటేశ్వరరావు. ఆ ఉంగరం తర్వాత ఏమైందో! బహుశా ఏ కంసాలి కుంపట్లోనో కరిగిపోయి ఉంటుంది. కొన్నవాళ్లకు అది ఇంత బరువున్న లోహం, అంతే. అదే, 'ఇది ఫలానావారిది' అన్న రుజువుతో ఇప్పటిదాకా నిలిచి ఉంటే? వేలంలో దాని ధర ఊహకు అందేది కాదు.

మచ్చలకే ధర

ఇది ఉత్త ఊహ కాదు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ 'ఇమాజిన్' పాటకు బాణీ కట్టిన పియానో 2000లో వేలానికి వచ్చింది. చూడ్డానికి మామూలు పియానో, పైగా దానిమీద సిగరెట్టు కాలిన మచ్చలు. గాయకుడు జార్జి మైకేల్ దాన్ని పద్నాలుగున్నర లక్షల పౌండ్లకు పాడుకున్నాడు. 2009లో న్యూయార్క్‌లో గాంధీజీ కళ్లజోడు, చెప్పులు, గడియారం, కంచం, గిన్నె కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. ఆ గిన్నెను తూకం వేస్తే ఎంతొస్తుంది? వేలంలో వస్తువు కన్నా ముందు అమ్ముడయ్యేది దాని కథ.

లక్కలో దాగిన నాదం

అలాంటి కథలకు విజయనగరంలో కొదవేముంది! 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడి వాద్యం విని, ఏకంగా ఫిడేలు అధ్యాపకుడిగా తీసుకున్నారని చెప్పుకొంటారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. ఆయన ఫిడేలు నాదం గ్రామఫోన్ రికార్డులకూ ఎక్కింది.

మనదేశంలో గ్రామఫోన్ రికార్డింగులు 1902లో కోల్‌కతాలో గౌహర్ జాన్ పాటతో ఊపందుకున్నాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పళ్లేల్లో ముఖ్యమైన సరుకు లక్క. పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది. చేయి జారిందా, ముక్కలే. వెండి కరిగితే వెండి మిగులుతుంది. రికార్డు పగిలితే ఏమీ మిగలదు.

చెంబు మీద పేరు

మన ఇళ్లలో పెళ్లికి పెట్టే సామాన్ల మీద పేర్లు కొట్టించడం ఆనవాయితీ. ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ. పాత వెండి సేకరించేవాళ్లు ముందు వెతికేది ఆ గీతలనే. కానీ పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకునేటప్పుడు దుకాణంలో తరుగు పోను వెండికే లెక్క కడతారు. తాతమ్మ పేరుకు విలువ సున్నా!

వెండి రూపాయల సంగతీ అంతే. 1939 దాకా రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది. 1940 నుంచి సగానికి తగ్గింది. 1947లో వెండి పోయి నికెల్ వచ్చింది. పాత రూపాయి ఏదైనా బరువు 11.66 గ్రాములే. కానీ 1939 సంవత్సరం ముద్ర ఉన్నది చాలా అరుదు కాబట్టి సేకర్తలు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. అందుకే నకిలీలూ ఉన్నాయి, జాగ్రత్త.

అమ్మాలనుకుంటే...

* వేలంలో పలికిన ధరకు తోడు కొన్నవారు సంస్థకు రుసుము కట్టాలి. అమ్మేవారి నుంచీ కమీషన్ తీసుకుంటారు. అంతకన్నా తక్కువకు ఇవ్వబోమని కనీస ధర ముందే చెప్పుకోవచ్చు.

* 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

* రికార్డుల్ని నిలువుగా పేర్చాలి. స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. గ్రామఫోన్‌లో వేసేటప్పుడు ప్రతి వైపుకీ కొత్త ముల్లు మార్చాలి.

* తళతళలాడాలని వెండిని గట్టిగా తోమితే పేర్లు అరిగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం... ఈ ఆదివారం అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి అడగండి. ఈ చెంబు ఎవరు పెట్టారు? ఈ రికార్డు ఏ ఊళ్లో కొన్నారు? చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, తేదీ వేసి, వస్తువుతోపాటే దాచండి. అమ్మితే ఆ కాగితం ధర పెంచుతుంది. అమ్మకపోతే, మనవలకు తాతగారిని పరిచయం చేస్తుంది!