ఫైబర్‌ గుమ్మం దాకా వస్తుంది... ఆ తర్వాత?

‘వంద ఎంబీపీఎస్‌ అన్నారు. బెడ్‌రూమ్‌లో వీడియో మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది!’ కొత్తగా ఫైబర్‌ పెట్టించుకున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. తప్పు చాలాసార్లు ప్లాన్‌ది కాదు. టెక్నీషియన్‌ వచ్చి బాక్సు బిగించి వెళ్లే ఆ గంటలో మనం పట్టించుకోని రెండు మూడు సంగతులది. ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ మధ్యలో మొహం ఫ్రీజ్‌ అయ్యాక కస్టమర్‌ కేర్‌తో గొడవపడే కంటే, డబ్బు కట్టకముందే తెలుసుకుంటే నయం కదా!

పాత ల్యాండ్‌లైన్‌ నెట్‌ రాగి తీగ మీద వచ్చేది. ఎక్స్ఛేంజ్‌కి ఇల్లు ఎంత దూరమైతే స్పీడ్‌ అంత తక్కువ. ఫైబర్‌లో వచ్చేది వెలుగు. వెంట్రుకంత సన్నని గాజు పోగులో కిలోమీటర్ల కొద్దీ ప్రయాణించినా పెద్దగా తగ్గదు. అప్‌లోడ్‌ కూడా చాలా ప్లాన్లలో డౌన్‌లోడ్‌తో సమానంగా ఉంటుంది. రీల్‌ ఎక్కించేటప్పుడు, వీడియో కాల్‌లో ఉన్నప్పుడు తేడా తెలిసేది అక్కడే.

ఒక మెలిక ఉంది. ఎక్కువ చోట్ల కంపెనీ నుంచి వచ్చే ఒక్క పోగును వీధిలోని స్ప్లిటర్‌ దగ్గర 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అందరికీ కలిపి డౌన్‌లోడ్‌కి ఉండేది సుమారు 2.5 జీబీపీఎస్‌. అందరూ ఒకేసారి పూర్తిగా వాడరు కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. కానీ కంపెనీ కక్కుర్తిపడిన చోట రాత్రి తొమ్మిదింటికి నెట్‌ నీరసపడుతుంది. అందుకే ప్రకటనలు చూడటం కంటే అదే కనెక్షన్‌ వాడుతున్న పక్కింటివాళ్లని ‘రాత్రిపూట ఎలా వస్తోందండీ?’ అని అడగడం మేలు.

ఇంకోటి కూడా అడగండి: ఇంట్లోకి వచ్చేది గాజు తీగేనా? కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్‌ కింద సెల్లార్‌ వరకే వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి ఫ్లాట్‌కి మామూలు లాన్‌ వైరు లాగుతారు. పేరుకి అదీ ఫైబరే. స్పీడ్‌ బాగానే రావచ్చు. కాకపోతే సెల్లార్‌లోని స్విచ్‌కి కరెంట్‌ పోతే బిల్డింగ్‌ మొత్తానికీ నెట్‌ పోతుంది. గాజు తీగ ఇంట్లోకే వస్తే ఆ బాధ తక్కువ. వీధిలోని స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు. ఇంట్లో బాక్సుకి ఒక మినీ యూపీఎస్‌ పెట్టుకుంటే కోతల్లో కూడా చాలావరకు నెట్‌ నడుస్తుంది.

ఇక అసలు రోజు. స్తంభం నుంచి తీగ లాగి, గోడకి రంధ్రం వేసి, గుమ్మం పక్కనే బాక్సు పెట్టేసి ‘ఇల్లంతా సిగ్నల్‌ వస్తుంది సార్‌’ అంటారు. తల ఊపేయకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టమనండి. టీవీ వెనక, బీరువా పైన, షోకేస్‌ లోపల బొమ్మల మధ్య అస్సలు వద్దు. వైఫైకి ఇనుము, కాంక్రీటు పడవు. తీగ ఇంకో పది మీటర్లు కావాలంటే అదనంగా అడుగుతారేమో, ఇచ్చేయండి. తర్వాత రిపీటర్‌ కొనడం కంటే అదే చవక. మేడ మీద గది ఉంటే స్లాబ్‌ దాటి సిగ్నల్‌ సరిగా రాదు. పైకి ఒక లాన్‌ వైరు లాగించి, రెండో రౌటర్‌ పెట్టుకోవడమే ఉత్తమం. తీగని మూలల్లో మడత పెట్టి మేకు కొడుతుంటే మాత్రం ఆపండి. లోపల ఉన్నది గాజు!

బాక్సు డ్యుయల్‌ బ్యాండ్‌దో కాదో అడగండి. 2.4 గిగాహెర్ట్జ్‌ ఒక్కటే ఉంటే వంద ప్లాన్‌ తీసుకున్నా ఫోన్‌లో నలభై, యాభై దగ్గరే ఆగిపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. రెండూ ఉంటేనే పని జరుగుతుంది. వాళ్లు వెళ్లేలోపు లాప్‌టాప్‌కి లాన్‌ వైరు పెట్టి స్పీడ్‌ టెస్ట్‌ చేయండి. తర్వాత చివరి గదిలో ఫోన్‌తో చేయండి. వైరులో వంద వచ్చి గదిలో ఇరవై వస్తే సమస్య మన వైఫైదే. వైరులోనే ఇరవై వస్తే మాత్రం టెక్నీషియన్‌ని వెళ్లనివ్వొద్దు. అన్నట్టు, 100 ఎంబీపీఎస్‌ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే. ఒక జీబీ సినిమాకి ఎంత లేదన్నా 80 సెకన్లు పడుతుంది. అది మోసం కాదు, లెక్క.

డబ్బు సంగతి. 399 అని పోస్టర్‌ మీద ఉంటే 18 శాతం జీఎస్టీతో కలిపి దాదాపు 471 కట్టాలి. ‘ఇన్‌స్టలేషన్‌ ఫ్రీ’ అంటే చాలాసార్లు ఆరు నెలలదో ఏడాదిదో ముందే కట్టమని అర్థం. బాక్సుకి డిపాజిట్‌ తీసుకుంటే రసీదు అడగండి. అన్‌లిమిటెడ్‌ అన్న మాటకీ హద్దు ఉంటుంది. చాలా ప్లాన్లలో నెలకి 3,300 జీబీ దాటాక స్పీడ్‌ పడిపోతుంది. నలుగురున్న ఇంటికి అంత అవసరం రావడం అరుదే. ఆ మాటకొస్తే ఇంట్లో రెండు టీవీల్లో ఫోర్‌కే సినిమాలు నడిచినా వంద ప్లాన్‌ సరిపోతుంది. మూడొందల ప్లాన్‌ తీసుకుని పాత రౌటర్‌తో నెట్టుకొచ్చే బదులు, వంద ప్లాన్‌తో మంచి రౌటర్‌ కొనుక్కోవడమే తెలివైన పని.

పాత కనెక్షన్‌ని మాత్రం వెంటనే తీయించేయకండి. రెండు వారాలు ఆగండి. మన ఊళ్లలో ఈ తీగలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ పల్లెలకు చేరింది కూడా అలాగే. చెట్టు కొమ్మ పడినా, లారీ తగిలినా తెగుతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను విద్యుత్‌ సిబ్బంది కత్తిరిస్తే చాలా కాలనీల్లో నెట్‌ ఆగిపోయింది. పరీక్షో, ఇంటర్వ్యూనో ఉన్న రోజు ఫోన్‌లో డేటా ప్యాక్‌ ఉంచుకోండి.

నెట్‌ పోతే ముందు బాక్సు మీద ఎల్‌ఓఎస్‌ లైటు చూడండి. ఎర్రగా వెలుగుతుంటే తీగలో వెలుగు రావట్లేదని అర్థం. రీస్టార్ట్‌ చేసినా ఫలితం ఉండదు. ఫోన్‌ చేయగానే ‘ఎల్‌ఓఎస్‌ రెడ్‌’ అని చెప్పేస్తే, ‘స్విచ్‌ ఆఫ్‌ చేసి ఆన్‌ చేయండి సార్‌’ అనే పది నిమిషాలు మిగులుతాయి.