ఫ్రెండ్స్ మధ్య చేపల పోటీ: కాటా వద్దు, టేపు తెచ్చుకోండి

గాలం ఎలా కట్టాలి, ఎర ఎలా కలపాలి అనే వీడియోలు బోలెడు ఉన్నాయి, నేను మళ్ళీ చెప్పను. మేం ఏటా సంక్రాంతికి పెట్టుకునే చేపల పోటీలో బరువు ఎందుకు తూచం, పట్టిన చేపల్ని ఎందుకు వదిలేస్తాం అని చాలామంది అడుగుతున్నారు. ఈ ఎపిసోడ్ ఆ రూల్స్ గురించే.

మాది కొండపల్లి. ఎనిమిది మందిమి, చిన్నప్పుడు ఒకే బడి. ఇప్పుడు ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకడు బెంగళూరులో, మిగతావాళ్ళం ఇక్కడిక్కడే. అందరం ఊళ్ళో ఉండేది పండగకే. భోగి, సంక్రాంతి ఇంట్లోవాళ్ళవి. కనుమ చుట్టాలది. ముక్కనుమ మాత్రం మాది. ఆ రోజు పొద్దున్నే ఇబ్రహీంపట్నం వైపు కృష్ణ ఒడ్డుకి వెళ్ళిపోతాం.

చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే రూల్స్ సగం దాన్నిబట్టే వచ్చాయి. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట కట్టారు, దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బ్యారేజీ ఆపిన నీళ్ళు వెనక్కి ఫెర్రీ దాటి ఇంకా పైకి నిలబడి ఉంటాయి. అందుకే మా దగ్గర కృష్ణ పారే నదిలా కాకుండా పెద్ద చెరువులా కనిపిస్తుంది. బుడమేరు డైవర్షన్ కాలవ వచ్చి కలిసేది కూడా ఇక్కడే. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు తెచ్చి కలిపింది కూడా ఇక్కడే, పవిత్ర సంగమం అంటారు కదా, అదే. నిలిచిన నీటిలోకి కదిలే నీళ్ళు వచ్చి పడేచోట తిండి కొట్టుకొస్తుంది, తిండి ఉన్నచోట చేప ఉంటుంది. బొచ్చె, శీలావతి, జెల్ల, అదృష్టం ఉంటే వాలుగ. అయితే ఘాట్ మెట్ల మీద మేం గాలం వెయ్యం. అక్కడ జనం స్నానాలు చేస్తారు, తెగిపోయిన గాలం ముల్లు ఏ పిల్లాడి కాల్లో దిగుతుందో చెప్పలేం.

ఇక అసలు విషయం. ఎక్కడైనా చేపల పోటీ అనగానే ముందు కాటా తెస్తారు. ఎవరి సంచి బరువుంటే వాడు గెలిచినట్టు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ లెక్క చూడండి. చేప ఒక్క పొడవులోనే పెరగదు, వెడల్పు, మందం కూడా పెరుగుతాయి. కాబట్టి పొడవు రెండింతలైతే బరువు సుమారు ఎనిమిదింతలవుతుంది. మూడింతలైతే ఇరవై ఏడింతలు. అంటే నేను పొద్దుట్నుంచి కూర్చుని జానెడు శీలావతులు ఇరవై పట్టినా, మధ్యాహ్నం మూడింటికి మావాడికి మూడు జానల చేప ఒక్కటి తగిలితే నా పని అయిపోయినట్టే. ఆ తర్వాత గాలం వెయ్యడానికి ఎవడికి మనసొస్తుంది? మిగతావాళ్ళు ఫోన్లు తీసుకుని రీల్స్ చూస్తూ కూర్చుంటారు.

అందుకని మేం పొడవు కొలుస్తాం. ఒక్కొక్కరి పెద్ద చేపలు మూడు తీసుకుని, వాటి సెంటీమీటర్లు కలుపుతాం. అప్పుడు పెద్ద చేపకి విలువ ఉంటుంది, కానీ అదొక్కటే ఆటని ముగించేయదు. 60 సెంటీమీటర్ల బొచ్చె ఒక్కటే పట్టినవాడిని, 25 సెంటీమీటర్ల చేపలు మూడు పట్టినవాడు దాటేస్తాడు. సాయంత్రం దాకా అందరికీ ఆశ ఉంటుంది. ఫ్రెండ్స్ పోటీకి కావలసింది ఆ ఆశే అని నా అభిప్రాయం.

బరువుతో ఇంకో చిక్కు ఉంది. జన నిండా ఉన్న ఆడ చేప ఎక్కువ తూగుతుంది. బొచ్చె, శీలావతి లాంటివి వానాకాలంలో వరద నీటికి గుడ్లు పెడతాయి, తల్లి చేప కిలో బరువుకి లక్షకు పైగా గుడ్లు ఉంటాయి. తూకం పోటీ పెట్టి, అది కూడా తొలకరిలో పెట్టారనుకోండి, బాగా తూగే ఆ తల్లి చేపనే వెతికి చంపినవాడికి కప్పు ఇస్తున్నట్టు లెక్క. మేం జనవరిలో పెట్టుకోవడం పండగ వల్లే, కానీ అదే మంచిదయింది. వరద పోయి ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి, చేప గుడ్ల మీద ఉండదు. కాకపోతే పొద్దున చలికి చేప మందంగా ఉంటుంది, ఎండ ఎక్కేదాకా బెండు కదలదు. అప్పటిదాకా టీ, సోది.

మోసం సంగతి కూడా చెప్పుకోవాలి. "మనలో మనకి మోసం ఏంటి మావా" అంటారు కదా. 2022 సెప్టెంబరులో అమెరికాలో, ఈరీ సరస్సు మీద జరిగిన పోటీ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇద్దరు తెచ్చిన ఐదు చేపలు చూడ్డానికి ఒక్కోటి నాలుగు పౌన్లలా ఉన్నాయి, కాటా మీద మొత్తం 33 పౌన్లు దాటాయి. నిర్వాహకుడికి అనుమానమొచ్చి అందరి ముందూ పొట్ట కోస్తే సీసం గుండ్లు బయటపడ్డాయి. గుండ్లతో పాటు వేరే చేపల మాంసం ముక్కలు కూడా. బహుమతి దాదాపు 29 వేల డాలర్లు. మరుసటి ఏడాది వాళ్ళకి పది రోజులు జైలు పడింది, పడవ కూడా పోయింది. డబ్బు అంత ఉంటే చేప పొట్టలో సీసం కూడా దూరుతుంది. మన దగ్గర సంక్రాంతి అంటే పందేల సీజన్, ఎవడో ఒకడు "తలా వెయ్యి వేద్దాంరా" అంటాడు. మేం ఒప్పుకోం. డబ్బులు వేసుకునేది పెట్రోలుకి, వంట సామానుకే.

పొడవులో సీసం పనిచెయ్యదు. కానీ ఫోన్ పనిచేస్తుంది. చేపని రెండు చేతులతో కెమెరా వైపు ముందుకి చాచి పట్టుకోండి, అరకిలో చేప మూడు కిలోల దానిలా కనిపిస్తుంది. ఇన్‌స్టాలో కనిపించే సగం చేపలు అలా పెరిగినవే. అందుకే చేతిలో పట్టుకున్న ఫోటో మా దగ్గర లెక్కలోకి రాదు. ఫ్లెక్సీ షాపులో సెంటీమీటర్ల గీతలు ప్రింట్ చేయించిన పట్టీలు ఎనిమిది ఉన్నాయి. పట్టీ నేలమీద పరిచి, తడిపి, చేప నోరు సున్నా గీత దగ్గర ఆనించి, తోక కొస కనిపించేలా పైనుంచి నిటారుగా ఫోటో తియ్యాలి. పక్కవాడొకడు చూడాలి.

నిన్నటి చేప ఫోటో ఇవాళ పెట్టకుండా ఇంకో ఏర్పాటు ఉంది. పెద్ద పోటీల్లో ఆ పొద్దున్నే ఒక కోడ్ ఇస్తారు, అది ఫోటోలో కనిపించాలి. మాకు కోడ్ ఎందుకు, కొండపల్లిలో పుట్టాక! బొమ్మల కాలనీలో ఏటా కొత్త రకం చిన్న బొమ్మ ఒక్కోటి కొంటాం, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, అలాంటివి. ఏ బొమ్మో ఒడ్డుకి చేరేదాకా ఎవరికీ చెప్పం. చేప పక్కన ఆ బొమ్మ లేకపోతే ఆ చేప లేనట్టే. తెల్ల పొణికి చెక్క కదా, జేబులో బరువే తెలీదు. బెంగళూరు వాడి ఆఫీసు టేబుల్ మీద అవన్నీ వరుసగా ఉన్నాయి.

ఫోటో ఉంటే చేప చావాల్సిన పని లేదు. ఈ ఆలోచన మాది కాదు. అమెరికాలో రే స్కాట్ అనే ఆయన 1967లో బాస్ చేపల పోటీలు మొదలుపెట్టాడు, 1972 నుంచి పట్టిన చేపని చంపొద్దు అనే పద్ధతి తెచ్చాడు. కానీ నీళ్ళలోకి విసిరేస్తే వదిలినట్టు కాదు. చేప ఒంటిమీద జిగురు ఉంటుంది, రోగాలు రాకుండా కాపాడేది అదే. పొడి చేత్తో పట్టుకున్నా, వేడి రాతిమీద పెట్టినా అది ఊడిపోతుంది. చెయ్యి తడుపుకోండి, మొప్పల్లో వేలు పెట్టకండి, ముల్లు మీద ఉండే ఎదురు కొక్కేన్ని ప్లయర్‌తో ముందే నొక్కేయండి, తేలిగ్గా వస్తుంది. చేప బయట ఉన్నంతసేపూ మీరు ఊపిరి బిగబట్టండి. మీకు ఇబ్బందైతే దానికీ ఇబ్బందే.

మరి పులుసు? అన్నీ వదిలేసి ముక్కనుమ రోజు పప్పుచారు తినమంటే మావాళ్ళు నన్ను కృష్ణలో కలిపేస్తారు. పులుసుకి ఒడ్డున వల దించే మత్స్యకారుల దగ్గర కొంటాం. ఇది నిజంగా ముఖ్యమైన రూల్. మనకి అది ఏడాదికి ఒక రోజు సరదా, వాళ్ళకి రోజూ కూడు. వాళ్ళ వలలు ఉన్నచోట గాలం వెయ్యం. మీరు చెరువులో పోటీ పెట్టుకునేట్టయితే ముందు అడగండి. చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల లీజులో ఉంటాయి, అందులో పిల్ల పోసేది వాళ్ళే. అడగకుండా పడితే దాన్ని పోటీ అనరు, దొంగతనం అంటారు. వదలకూడని చేపలు కూడా ఉన్నాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం, అది మన చేపపిల్లల్ని తినేస్తుంది. ఒళ్ళంతా పెంకుల్లా ఉండే దెయ్యం చేప కూడా బయటిదే. అవి పడితే నీళ్ళలోకి తిరిగి వెళ్ళవు.

ఇప్పుడు కొంచెం సీరియస్‌గా వినండి. మా పోటీలో పడవ లేదు. ఎవడు ఎంత బతిమాలినా లేదు. 2017 నవంబరు 12న ఇదే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. కార్తీక మాసం ఆదివారం, సరదాగా వచ్చినవాళ్ళు. ఎక్కినవాళ్ళు ఎక్కువ, లైఫ్ జాకెట్లు లేవు. పైనుంచి చూస్తే ఆ నీళ్ళు ఎంత నెమ్మదిగా ఉంటాయో మీకు తెలుసు, లోతు మాత్రం తెలీదు. ఒడ్డునుంచే గాలం, ఈత రానివాడు మోకాలి లోతు దాటడు, మందు సాయంత్రం ఇంటికెళ్ళాకే. ఇంకోటి, ఇక్కడ థర్మల్ స్టేషన్ ఉంది, కరెంటు తీగలు ఎక్కువ. ఇప్పుడొచ్చే కార్బన్ రాడ్లలోంచి కరెంటు పాస్ అవుతుంది. పన్నెండు అడుగుల రాడ్ నిలబెట్టి తీగల కింద నడిచారంటే అంతే. చోటు మారేటప్పుడు రాడ్ మడిచి పట్టుకోవాలి. ఎగువన పులిచింతల నుంచి నీళ్ళు వదిలితే మట్టం పెరుగుతుంది, అందుకని సామాను నీటి అంచున పెట్టం.

సాయంత్రం నాలుగింటికి గాలాలు ఎత్తేస్తాం. ఫోటోలన్నీ గ్రూపులో పడతాయి, లెక్క అందరి ముందే. గెలిచినవాడికి మూడు ముక్కల తలకాయ పులుసు ముందు వడ్డిస్తారు. చివర నిలిచినవాడు గిన్నెలు తోమాలి. చివర ఇద్దరు సమానంగా వస్తే చిన్న చేప ఎవరిదో చూస్తాం, వాడు పెద్ద గుండిగ తోముతాడు, రెండోవాడు నీళ్ళు పోస్తాడు.