పరదేశ విద్యయు, ఆదివారపు విహారమును



నేడు నేను చెప్పబూనిన విషయము మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో ఇంటింటి మాట యైనది. ఒకప్పుడు మన పిల్లలు చదువునకై హైదరాబాదు పోయినను ఊరివారు బస్సుదాక వచ్చి సాగనంపెడివారు. ఇప్పుడు వారు జర్మనీ, అమెరికా, ఇంగ్లండు దేశములకు పోవుచున్నారు. కన్నవారు పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకున అప్పు తెచ్చియో పంపుచున్నారు. పోయిన పిల్లవాడు ఆరు దినములు తీరికగా మాట్లాడడు. ఏడవనాడు ఏదో కొండమీదనో, కోట యెదుటనో నిలిచి తీసికొన్న ఛాయాచిత్రము తండ్రి చేతి ఫోనునకు వచ్చును. అంతట వీడు చదువబోయెనా, తిరుగబోయెనా అను సందేహము పుట్టును. ఆ సందేహమును గూర్చియే నా ప్రసంగము. ఈ విషయమున నేనును తొందరపడి తీర్పు చెప్పినవాడనే గనుక, ముందు నా కథనే విన్నవించెదను.

నా తమ్ముడు బెల్లంపల్లి బొగ్గుగనులలో ముప్పది యేండ్లు పనిచేసినవాడు. వాని కుమారుడు 2024వ సంవత్సరము అక్టోబరు నెలలో యంత్రశాస్త్రము చదువుటకు జర్మనీ దేశమందలి ఆఖెన్ పట్టణమునకు పోయెను. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవరకు బోధనకు రుసుము లేదు. కాని పిల్లవాని తిండికి, బసకు చాలినంత ధనము ముందుగనే బ్యాంకున నిలువ చూపవలెను. ఆ యేడు సెప్టెంబరు నుండి ఆ మొత్తము సంవత్సరమునకు 11,904 యూరోలు, అనగా నెలకు 992 యూరోలు. తమ్ముడు రెండెకరముల పొలము మీద అప్పు తెచ్చి ఆ ధనమును కూర్చెను.

నవంబరులో కొలోన్ నగరపు పెద్ద దేవాలయము ముందు నిలిచిన పిల్లవాని చిత్రము వచ్చెను. ఆ క్రైస్తవ దేవాలయపు నిర్మాణము 1248లో మొదలై 1880లో ముగిసినది. దాని శిఖరముల యెత్తు 157 మీటర్లు. చిత్రము చూచిన నా తమ్మునికి శిఖరము కంటబడలేదు, అప్పు కంటబడినది. నా యొద్దకు వచ్చి, "అన్నా, వీడు సదువుకోను పోయిండా, ఊర్లు తిరుగను పోయిండా? నువ్వే ఒక ముక్క రాయి" అనెను. నేను బడిపంతులును, కోపముగ వ్రాయుట నాకు క్రొత్త గాదు. వ్రాసితిని. అంతేకాక, మా యూరి వాడే, వేరొక నగరమున చదువుచున్న యింకొక పిల్లవానిని మెచ్చుకొంటిని. వాడు ఒక్క చిత్రమైనను పంపలేదు. వానిని చూచి నేర్చుకొమ్మని నలుగురి యెదుట అంటిని.

మా పిల్లవాడు కోపింపక, "పెద్దబాపూ, లెక్క మీరే చూడుండ్రి" అని తన వారపు లెక్కను పంపెను. ఆ లెక్కను మీకును విప్పి చెప్పెదను. ఏలయన, పిల్లలను పంపిన ప్రతివారును తెలిసికొనదగిన దది.

ఐరోపాలో చదువును క్రెడిట్లు అను ప్రమాణముతో కొలుతురు. పూర్తికాలపు చదువునకు సంవత్సరమునకు 60 క్రెడిట్లు. జర్మనీలో ఒక్కొక్క క్రెడిటునకు 30 గంటల శ్రమ యని గణింతురు. తరగతిలో కూర్చున్న కాలమే కాక, ఇంట చదివినది, పరీక్షకు సిద్ధపడినది, అన్నియు అందు చేరును. అర్ధసంవత్సరమునకు 30 క్రెడిట్లు, అనగా 900 గంటలు. దానిని ఇరువది వారములకు పంచినచో వారమునకు 45 గంటలు.

వారమునకు మొత్తము 168 గంటలు. నిద్రకు దినమునకు 8 చొప్పున 56 పోవును. చదువునకు 45. వంట, స్నానము, బట్టలుతుకుట, రాకపోకలు, వీనికి దినమునకు 3 చొప్పున 21. భోజనమునకును ఇంటివారితో మాటాడుటకును దినమునకు 2 చొప్పున 14. వారమునకు రెండు పూటలు కూలిపని చేసినచో 8. అన్నియు కూడిన 144. మిగిలినవి 24 గంటలు. అనగా సరిగా ఒక దినము. మా పిల్లవాడు తిరిగినది ఆ దినముననే. చదువుచుండగ చిత్రము తీసి పంపువా డెవడును లేడు గనుక, మిగిలిన ఆరు దినములు మనకు కానరావు.

ఇది చదివి నా బాల్యము జ్ఞప్తికి వచ్చినది. మా గురువుగారి యొద్ద ప్రతిపత్తు, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్యలు అనధ్యయన దినములు. ఆ దినములలో క్రొత్త పాఠము చెప్పరాదని పెద్దల నియమము. మేము సంతోషముతో గోదావరి యొడ్డునకు పోయెడివారము. గురువుగారును వెంట వచ్చి, దారిలో కనబడిన ప్రతి చెట్టును చూపి, అమరకోశమందలి వనౌషధివర్గములో దాని పేరేమని అడిగెడివారు. పుస్తకములో కంఠస్థము చేసిన పదము కంటి యెదుట చెట్టై నిలిచెడిది. కావున సెలవు చదువునకు శత్రువు గాదు. మన పూర్వులు దానిని చదువులోనే చేర్చియున్నారు. అయితే తిథులు తప్పక వచ్చిపోవునట్లే, ఆ సెలవునకును హద్దు కలదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ యుద్యోగము చేయుచు, సెలవు పొంది 1830-31లో కాశీయాత్ర చేసిరి. మన నిర్మల మీదుగనే పోయిరి. దారి, నీరు, ధరలు, జనుల నడవడి దినదినమును వ్రాసికొనుటచేత ఆ యాత్ర గ్రంథమై నేటికిని మనకు ఉపకరించుచున్నది. గాంధీమహాత్ముడు 1888 నుండి 1891 వరకు లండనులో న్యాయశాస్త్రము చదివెను. కాలినడకన తిరుగుచు, గదిలో స్వయముగ వండుకొనుచు, ప్రతి పైసకు లెక్క వ్రాసెను. ఆయనయు నడుమ పారీసు ప్రదర్శనమును చూచి, ఈఫెలు గోపురము నెక్కెను. చూచుట దోషము గాదు. లెక్క తప్పుట దోషము.

మా పిల్లవాడును లెక్క తప్పినవాడే. ఆ సంగతి వాడే తరువాత ఒప్పుకొనెను. డిసెంబరులో మిత్రులతో కూడి నాలుగు వారములు వరుసగా శనివారము, ఆదివారము రెండును తిరిగెను. ఫిబ్రవరి పరీక్షలలో ఒక విషయమున తప్పెను. తండ్రికి చెప్ప భయపడి రెండు నెలలు దాచెను. అచ్చట తప్పినవారు మరల వ్రాయవచ్చును గాని, అనేక విశ్వవిద్యాలయములలో దానికి మితి యున్నది. ఆ మితి దాటినచో ఆ చదువే ముగిసిపోవును. అందుచేత ఇది చిన్న విషయము గాదు.

తరువాత వాడు ఏర్పరచుకొన్న కట్టుబాట్లు ఇవి. శనివారము ఇంటిపనికి, పాత పాఠములకు. జర్మనీలో ఆదివారము అంగళ్లు చాలవరకు మూసియుందురు గనుక, బియ్యము, కూరగాయలు శనివారమే తెచ్చుకొనవలెను. ఆ వారపు అభ్యాసములు వ్రాసి యిచ్చినగాని ఆదివారము గడప దాటరాదు. ప్రొద్దున పోయి దీపాలవేళకు ఇల్లు చేరవలెను. చిట్టచివరి రైలును నమ్మక, దానికి ముందటి రైలు నెక్కవలెను. పరీక్షకు నెల దినముల ముందు విహారము లేదు. దూరప్రయాణము పరీక్షలు ముగిసిన పిమ్మటనే. అన్నము కట్టుకొని పోవలెను. వచ్చిన రాత్రి, చూచినదానిని గూర్చి ఒక పుట వ్రాసి నాకు పంపవలెను. ఈ కడపటిది నేను పెట్టిన కట్టుబాటు.

ఖర్చు మాటయు చెప్పవలెను. 2023 మే నెల నుండి జర్మనీలో నెలకొక టికెట్టుతో దేశమంతట ప్రాంతీయ రైళ్లలోను, నగరపు బస్సులలోను తిరుగు ఏర్పాటు కలదు. మొదట దాని వెల 49 యూరోలు. 2025లో 58 అయ్యెను. అనేక విశ్వవిద్యాలయముల విద్యార్థులకు అది తక్కువ వెలకు లభించును. అయితే అతివేగపు రైళ్లలో అది చెల్లదు. ఆఖెను దగ్గరనే జర్మనీ, బెల్జియము, నెదర్లాండ్సు దేశముల యెల్లలు మూడును కలియు కొండ యున్నది. పిల్లవాడు అచ్చటికి పోయినపుడు నేను మూడుదేశములు తిరిగివచ్చెనని బెదరితిని. వాడు పోయినది నగరపు బస్సులో, ఒక్క పూట! జర్మనీ నివాసపత్రము గలవారు షెంజెను ఒప్పందములో చేరిన ఇతర దేశములలో 180 దినములలో 90 దినములు మించకుండ సంచరింపవచ్చును. పాస్‌పోర్టును, నివాసపత్రమును మాత్రము వెంట నుండవలెను.

ఇక ఆ చిత్రములు పంపని పిల్లవాని సంగతి. నేను మెచ్చుకొన్నవాడు వాడే గదా! వాడు వడ్డీ కట్టవలెనను ఆరాటముతో శనివారము, ఆదివారము, కొన్నినాళ్లు రాత్రులు కూడ గిడ్డంగిలో పెట్టెలు మోసెనట. జర్మనీలో విదేశ విద్యార్థి చేయదగిన పనికి హద్దు కలదు: 2024 నుండి సంవత్సరమునకు 140 పూర్తి దినములు, లేదా 280 అర్ధదినములు. అమెరికాలో చదువు సాగు కాలమున విద్యాలయపు ఆవరణలోనే, వారమునకు 20 గంటలు మించకుండ పనిచేయవలెను; పూర్తి చదువును విడువరాదు. హద్దు మీరినచో వీసాకే మోసము. ఆ పిల్లవాడు నిద్ర లేక, విశ్రాంతి లేక, రెండు పర్యాయములు పరీక్షలు తప్పి, జబ్బుపడిన పిమ్మటగాని ఇంటివారికి తెలియలేదు. నేను నలుగురిలో అన్న మాట వాని చెవికిని చేరినదట. మీ పెద్దలు మెచ్చుకొనుచుండగా ఎట్లు చెప్పుదునని వాడు మా పిల్లవానితో అన్నాడట. ఆ మాట నన్ను ఇప్పటికిని బాధించుచున్నది.

కావున పెద్దలారా, ఫోనులో అడుగవలసిన ప్రశ్న "ఎందుకు తిరుగుచున్నావు?" అనునది గాదు. ఈ అర్ధసంవత్సరమున ఎన్ని క్రెడిట్లు తీసికొంటివి, ఎన్ని ముగిసినవి, ఏది తప్పినది, ఎన్ని గంటలు పనిచేయుచున్నావు, ఎన్ని గంటలు నిదురించుచున్నావు అని అడుగుడు. తప్పినదని చెప్పినవానిని ఆ క్షణమున తిట్టకుడు. తిట్టినచో తరువాతి తప్పు మనకు వినబడదు. అప్పు సంగతియు మీరే నిజముగ చెప్పుడు. ఎంత యున్నది, ఎప్పుడు కట్టవలెనన్నది తెలియని పిల్లవాడు ఊహించుకొని మరింత భయపడును.

కడపట ఒక మాట. పోయిన వేసవిలో మా పిల్లవాడు ఎస్సెన్ నగరమందలి ట్సోల్‌ఫెరైన్ అను బొగ్గుగనిని చూచి, నియమము ప్రకారము ఒక పుట వ్రాసెను. ఆ గని 1986లో మూతపడెను. దానిని కూల్చక ప్రదర్శనశాలగ నిలిపిరి. 2001లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరెను. జర్మనీలోని కడపటి నల్లబొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడెను. గనిలోనికి మనుష్యులను దించు ఇనుపచక్రముల గోపురము ఇప్పటికిని నిలిచియున్నదని వాడు బొమ్మ గీసి పంపెను. నా తమ్ముడు ఆ పుటను మూడుమార్లు చదివించుకొనెను. తానెరిగిన బెల్లంపల్లి గనులును ఒక్కొక్కటిగ మూతపడుటను చూచినవాడు వాడు. చాలసేపు ఊరకుండి, "అన్నా, గని మూసినంక ఆడి కూలోల్లు ఏం పని జేసిండ్రో అడుగు. ఈసారి పోయినప్పుడు తెలుసుకొని రమ్మను" అనెను.

పిల్లవానిని తిరుగకుమని చెప్పుమన్న నోటితోనే, మరల పోయి చూచిరమ్మనెను. ఆ తప్పిన పరీక్షను పిల్లవాడు రెండవమారు వ్రాసి ముగించెను. తండ్రి ప్రశ్నకు సమాధానము ఇంకను వెదకుచున్నాడు.