తుఫాను శిక్షణలో వాడ ఎక్కడ?

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడితే దాదాపు పదివేల మంది చచ్చిపోయారు. 1990 మే నెలలో అంతే తీవ్రమైన తుఫాను మళ్లీ కృష్ణా డెల్టాను తాకింది. పోయిన ప్రాణాలు వెయ్యికి లోపే. ఈసారి ముందుగా కబురందింది, లక్ష మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. ఇల్లిల్లూ తిరిగి చెప్పే మనిషి ప్రాణాలు నిలబెడతాడనే దాంట్లో వాదం లేదు.

సర్కారూ ఈ పాఠం నేర్చుకుంది. 2016లో 'ఆపద మిత్ర' పేరుతో 25 రాష్ట్రాల్లోని 30 ముంపు జిల్లాల్లో, జిల్లాకు 200 మంది చొప్పున వాలంటీర్లకు శిక్షణ మొదలుపెట్టింది. తర్వాత దాన్ని 350 జిల్లాలకు, లక్ష మందికి పెంచారు. మునిగేవాణ్ణి లాగడం, ప్రథమ చికిత్స - ఇవన్నీ కావలసినవే. మా తగాదా వాటితో కాదు. నీళ్లు తీశాక ఏమిటన్నదే మా ప్రశ్న.

వాతావరణ మార్పు అంటే తుఫాను ఒక్కటే కాదు. 1901-2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. సముద్రం పెరిగేకొద్దీ అదే గాలికి ఉప్పెన ఇంకా లోపలికొస్తుంది. కాలవల్లో మంచినీళ్లు తగ్గినప్పుడు ఉప్పునీరు భూమి కిందుగా, మురుగుకాలవల వెంట పైకి ఎగబాకుతుంది. పొలం చవుడెక్కుతుంది. రైతుకు పంట పోతుంది, నిజమే. కూలీకి నాట్లు, కలుపు, కోత, నూర్పిడి అన్నీ పోతాయి. అదే పొలం రొయ్యల చెరువైతే (చవుడు భూముల్లో ఎక్కువగా జరిగేది ఇదే) ఆడకూలీలకు ఇక పిలుపే ఉండదు. ఈ నష్టాన్ని ఏ రిజిస్టర్లో రాస్తారు? పంటనష్టం జాబితా భూమి కాగితాలు చూసి రాసేది. వాడలో కాగితాలు ఎందరికున్నాయి?

2004 సునామీ తర్వాత తమిళనాడులోని నాగపట్నం తీరంలో జరిగిందీ ఇదే. పడవలూ వలలూ లెక్కకొచ్చాయి. చేపల రేవుల్లో, ఉప్పుమళ్లలో, పొలాల్లో కూలి చేసుకునే దళితుల్లో చాలామంది 'బాధితులు' కాకుండా పోయారు. సహాయ శిబిరాల్లో నీళ్ల దగ్గరా కులమే అడ్డొచ్చింది.

కాబట్టి క్షేత్ర కార్యకర్త శిక్షణలో మొదటి పాఠం ఊరు నడిచి చూడటం కావాలి. వాడ ఎంత పల్లంలో ఉంది? తుఫాను షెల్టరుకు దారి ఎవరి వీధిలోంచి? దాని తాళం ఎవరింట్లో? ఏ బావి ముందు ఉప్పెక్కుతోంది? ఇవి వాడలోని ఆడవాళ్లకు తెలుసు. శిక్షణకు పిలిచేది మాత్రం ఆఫీసుల్లో పరిచయమున్న కుర్రాళ్లని!

రెండో పాఠం నిబంధనలు. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు, శిబిరంలో లేకపోయినా, రోజుకింత అని సాయం చేసే వీలు విపత్తు సహాయ నిబంధనల్లో ఉంది. దీనికి పట్టా అక్కర్లేదు. ఈ సంగతి తెలిసి దరఖాస్తు రాయగలిగినవాళ్లు వాడలో ఇద్దరున్నా, నష్టం రాసుకోడానికొచ్చిన ఉద్యోగి ఊళ్లో పెద్దల అరుగు మీదే కూర్చుని జాబితా ముగించి వెళ్లడం అంత సులువు కాదు.