బీడీ ఆకలిని చంపుతుందా?

చెనిక్కాయ పీకే రోజుల్లో మన అనంతపురం పల్లెల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది. పొద్దు నడినెత్తికి వస్తుంది. సంగటిగంప ఇంకా రాదు. కూలికి వచ్చిన పెద్దాయన చెట్టునీడన కూర్చుని, "బువ్వొచ్చేలోగా ఒక బీడీ తాగితే ఆకలి సస్తాది" అంటాడు. మా చిన్నాయన కూడా ఇదే మాట అనేవాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల మనది. కరువు సంవత్సరాల్లో ఆయన నాలుగు బీడీలతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవాడు. మనిషి మాత్రం ఎండుకట్టెలా ఉండేవాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని అది సగం నిజమే. మిగతా సగం ఏమిటో చూద్దాం.

మన మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. "ఇక తిన్నది చాలు" అని కబురు చెప్పే నాడీకణాలు అందులో ఉన్నాయి. పొగాకులోని నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి కొద్ది సెకన్లలోనే మెదడుకు చేరి, ఈ కణాలను తట్టి లేపుతుంది. కడుపులో మెతుకు లేకున్నా "చాలు" అనే కబురు వెళుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు 2011లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి తేల్చారు.

ఇంతటితో అయిపోలేదు. నికోటిన్ వల్ల అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. 1986లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు రోజుకు 24 సిగరెట్లు తాగేవారిని పరీక్షించారు. తాగని రోజుకన్నా తాగిన రోజున వారి శరీరం సుమారు 10 శాతం ఎక్కువ శక్తిని ఖర్చుచేసింది. మోటారుసైకిలులో పెట్రోలు అయిపోవస్తున్నా ముల్లు "నిండుగా ఉంది" అని చూపిస్తూ, ఇంజను మాత్రం మామూలుకన్నా ఎక్కువ తాగుతూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి! (బీడీ చిన్నదే కదా అనుకోకండి. తునికాకు ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందువల్ల నికోటిన్ విషయంలో బీడీ సిగరెట్టుకు తీసిపోదు.)

ఇక్కడ మీలో తెలివైనవారు ఒక ప్రశ్న వేయవచ్చు: "పొగవల్లనే సన్నబడ్డారని ఎలా చెప్పగలం? పుట్టుకతో సన్నగా ఉన్నవారే పొగ తాగుతున్నారేమో!" మంచి ప్రశ్న. దీనికి జవాబు జన్యువుల్లో దొరికింది.

మన 15వ క్రోమోజోము మీద నికోటిన్‌ను పట్టుకునే గ్రాహకాలను తయారుచేసే జన్యువులున్నాయి. వాటిలో ఒక మార్పు ఉన్నవారు, పొగతాగడం మొదలుపెడితే ఇతరులకన్నా ఎక్కువ తాగుతారని 2008లో తెలిసింది. తరువాత వారి బరువులు చూశారు. పొగతాగేవారిలో ఈ మార్పు ఉన్నవారు కొంచెం సన్నగా ఉన్నారు. అదే మార్పు ఉండి, ఎన్నడూ పొగ ముట్టనివారిలో బరువు తగ్గలేదు! అంటే ఆ జన్యువు దానంతటది మనిషిని సన్నబరచడం లేదు; మధ్యలో పొగ ఉండాలి.

చిత్రమేమంటే దీనికి ఎదురుదారి కూడా ఉంది. బరువు పెంచే జన్యువులు ఎక్కువగా ఉన్నవారు పొగతాగడం మొదలుపెట్టే అవకాశం కొంత ఎక్కువని 2018లో లక్షలమంది బ్రిటన్‌వాసుల లెక్కలు చూపించాయి. తిండి మీద ఆశను, పొగ మీద ఆశను నడిపే మెదడు దారులు కొంతవరకు ఒకటే.

బాగా తిని ఒళ్లు పెంచుకున్న దేశాలవారు ఈ సన్నబడడాన్ని లాభమనుకోవచ్చు. మన కూలిమనిషికి కరగడానికి కొవ్వెక్కడిది? తిండి చాలని ఒంటిలో క్షయ సులభంగా ముదురుతుంది. పొగ దానికి తోడవుతుంది. పక్కనున్న తమిళనాడులో 43,000 మంది పురుషుల మరణాలను పరిశీలించి 2003లో ఒక నివేదిక ప్రకటించారు. పొగతాగేవారిలో క్షయ మరణాలు తాగనివారికన్నా సుమారు నాలుగు రెట్లు!

మానేస్తే ఏమవుతుంది? ఏడాదిలో సగటున నాలుగైదు కిలోల బరువు పెరుగుతారు, అదీ చాలావరకు మొదటి మూడు నెలల్లోనే. అందరూ కాదు, కొందరు తగ్గుతారు కూడా.

మా చిన్నాయన యాభై దాటాక బీడీ మానేశాడు. ఆ ఏడు కళ్లంలో పచ్చి చెనిక్కాయలు ఒలుచుకు తింటూనే ఉండేవాడు. ఉగాదికి చొక్కా బిగుతైంది. చిన్నమ్మ నవ్వితే, "ఇన్నేండ్లకు నాకు ఆకలైతాండాది గదే" అన్నాడు.