పాదంలో ఎముక చిట్లితే - పరుగెత్తే యువకులకు సూచన

మా కల్వకుర్తిలో కానిస్టేబుల్ ఎంపికకై 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు పాదం నొప్పితో నా వద్దకు వస్తుంటారు. బెణుకని భావించి పసుపు, సున్నం పట్టు వేసి, నొప్పి తగ్గగానే మరల పరుగెత్తుతారు. ఒకేచోట నొక్కితే నొప్పి, వాపు ఉన్నచో అది ఎముకలో సన్నని చీలిక కావచ్చును. తొలి రెండు మూడు వారాలు అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చును. కనుక ఎముకల వైద్యుని చూడవలెను.

ఎముక అతికి స్థిరపడడానికి బాల్యంలో ఒక నెల, నడివయసులో రెండు, వార్ధక్యంలో మూడు నెలలు గడువని సుశ్రుతుడు చెప్పాడు. అంతవరకు వ్యాయామం, ఎండ, ఉప్పు, పులుపు, కారం వర్జ్యం; పాలు, నెయ్యి, మాంసరసం పథ్యం. నల్లేరు లేత కణుపులను నేతిలో బాగా వేయించి పప్పులో వండుకోవచ్చును. అయితే ఏ మందూ ఆ గడువును మాయం చేయలేదు.

అరగంట నడకలో నొప్పి లేనినాడే, వైద్యుని అనుమతితో, దినం విడిచి దినం మెల్లగా పరుగు ఆరంభించాలి. ఎంపిక తేదీ దగ్గరపడిందని తొందరపడితే చీలిక పూర్తిగా విరిగి, మరికొన్ని నెలలు పోతాయి.